ఆవగింజంత నల్లమందు

మా ఇంటాయన నల్లమందు తినడం ఎందుకు మొదలుపెట్టాడనే దానిమీద మా ఇంట్లో జరిగినన్ని పంచాయితీలు కోయిలకుంట్ల కచేరీలో కూడా జరిగి ఉండవు. మా అత్తది ఒకటే మాట: "పత్తి బండి తోలుకపోతా బైరాగుల పక్కన కూచున్న్యాడు. వాళ్లే అంటించినారు." మా గుడి పాదిరయ్యేమో, ప్రార్థన తగ్గిన ఇంట్లోకి సైతాను దూరతాడని ప్రతి ఆదివారం నా వైపే చూస్తూ చెప్పేవాడు. మా ఆయన మాత్రం నడుము నొప్పి అనేవాడు. నాకు ఇవేవీ ఎక్కేవి కావు. "నొప్పీ లేదు, సైతానూ లేదు. ఒళ్లు వంచలేక తింటాండావు" అని మొహం మీదే అనేదాన్ని. అప్పట్లో నా నోటికి వీధి వీధంతా జడిసేది.

ఇంత నోరున్నదాన్ని నేను చేసిన పని కూడా చెప్పాలి కదా. పత్తి తీసే రోజుల్లో మా పల్లెలో చంటిబిడ్డల తల్లులు నల్లమందు ఆవగింజంత గిల్లి, చనుబాలలో అరగదీసి, బిడ్డ నాలుకకు రాసేవాళ్లు. చేనుగట్టున తుమ్మచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో బిడ్డ పొద్దు వాలేదాకా కదలకుండా పడుకునేది. నేనూ నా నాలుగు నెలల పాపకు రాసేదాన్ని. మొగుడు తింటే చెడ్డ అలవాటు, బిడ్డకు పెడితే మందు. అందులో తిరకాసు ఉందని నాకు తోచనే లేదు.

ఆ రోజు మధ్యాహ్నం పాలిద్దామని ఉయ్యాల దగ్గరికి వెళ్తే పాప నోరు తెరవలేదు. రెప్పలు లేవలేదు. పెదవులు నల్లబడుతున్నాయి.

"అత్తా, పాప లేయడం లేదు!"

"నిద్రలో ఉండాదిలే. నువ్వు నీళ్లకు పోయినప్పుడు నేను మందు రాసినా."

"నువ్వు రాసినావా? నీళ్లకు పోకముందే నేను రాసినా గదత్తా!"

అత్త ఒడిలోని పత్తి అంతా నేలమీద పడిపోయింది.

బండికి పత్తి ఎత్తుతున్న మా ఆయన పరుగున వచ్చి పాప కనురెప్ప ఎత్తి చూశాడు. తినేవాడికి తెలుస్తుంది. "ఇది నిద్ర గాదు" అని పాపను ఎత్తుకొని పల్లెలోని హకీం తాత ఇంటికి పరుగెత్తాడు. వెనక నేను, నా వెనక అత్త.

"నిద్రపోనిస్తే మళ్ల లేయదు" అన్నాడు హకీం. "మొగానికి తడిగుడ్డ వెయ్యి. అరికాళ్లు తడతాండు. ఆపొద్దు."

ఆయన తడుతూనే ఉన్నాడు. "అమ్మా, కండ్లు తెరువు తల్లీ" అని పిలుస్తూనే ఉన్నాడు. నేను గుడ్డ తడిపి తడిపి పాప మొహం మీద వేస్తూనే ఉన్నాను. పాప ఊపిరి ఆగినప్పుడల్లా నా ఊపిరీ ఆగేది.

"నీకు ఈ నల్లమందు ఎవరు అలవాటు చేసినారప్పా?" అని హకీం ఆయన్ను అడిగాడు.

ఆయన నోరు తెరిచేలోపే గడపలో కూలబడిన అత్త అంది: "నేనే. వీనికి మూడేండ్లు వచ్చేదాకా పత్తికి పోయినప్పుడల్లా పెట్టినా. వీడు ఏడిస్తే చేనుగలాయన నన్ను పనిలోకి రానీడు. ఏం చేయాల నేను?"

బైరాగులు లేరు, సైతాను లేడు. 'ఒళ్లు వంచలేక' అన్న నా మాట గుర్తొచ్చి నాకు తలెత్తబుద్ధి కాలేదు.

"అందుకే తింటాండాడో, నడుముకేనో నాకు తెల్దు తల్లీ" అన్నాడు హకీం అత్తతో. మళ్లీ ఆయన వైపు తిరిగాడు: "కాళ్లు తట్టు."

ఎండ వసారా దాటి వాకిట్లోకి పోయాక పాప మొహం చిట్లించింది. ఒక కాలు లాక్కుంది. తర్వాత ఏడ్చింది చూడండీ, అబ్బబ్బ, ఏం ఏడుపు! మొదట కీచుగా, ఆ పైన పక్క వీధి వాళ్లు వచ్చి తొంగిచూసేంత గట్టిగా. హమ్మయ్య అనుకునే ఓపిక కూడా లేక నేను గోడకు చేరగిలబడి నవ్వుతూ ఏడ్చాను. ఆయన మొలలోని పొట్లం తీసి హకీం ముందు పెట్టాడు. హకీం దాన్ని పారేయలేదు. వారం వారం కొంచెం కొంచెం తగ్గించి ఇచ్చాడు. ఎండాకాలం వెళ్లేసరికి ఆయన మానేశాడు. నడుము నొప్పి మాత్రం నిజమేనట, అది పోలేదు.

మూడో రోజు పాపను మందు రాయకుండానే చేనికి తీసుకెళ్లాను. అత్త ఆ పూట కూలి వదులుకొని తుమ్మచెట్టు కింద పాపను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. పాప గొంతు చించుకొని ఏడుస్తోంది.

"ఏమ్మా, చెవులు పోతాండాయి! రవ్వంత రాయగూడదా?" అని ఎవరో పత్తి సాలులోంచి అరిచారు.

"ఏడ్వనీండి" అంది అత్త. "నా కొడుకును ఏడ్వనీలేదు నేను. దీన్నన్నా ఏడ్వనీండి."