రామక్క కాయించిన బఠాణీ

బెంగళూరు బొమ్మనహళ్ళిలో నంజప్ప వఠారం వెనక, ప్రహరీగోడ వారగా రెండు మంచాలు వేసేంత మట్టినేల ఉండేది. విరిగిన పెంకులూ పాత చెప్పులూ పడేసే చోటు అది. ఆ నేల మీద రామక్క కన్ను పడింది.

ఆమెది చిక్కబళ్ళాపురం పక్క పల్లె. పెళ్ళయ్యేదాకా పరాయి చేలలో కలుపు తీసింది, కాయలు కోసింది. సొంతానికి జానెడు నేల లేదు. తొంభైల మొదట్లో భర్త పాపయ్యతో బెంగళూరు వచ్చి గార్మెంట్సు ఫ్యాక్టరీలో చేరింది. పొద్దస్తమానం చొక్కాలకు కాలర్లు కుట్టడమే పని.

ఒకనాడు ఇంటి ఓనరు నంజప్పను అడిగింది. "అన్నా, ఆ వెనక మట్టిలో బఠాణీ పెట్టుకుంటా."

నంజప్ప పకపకా నవ్వాడు. "కొత్తిమీర పెట్టుకోమ్మా, మెంతాకు పెట్టుకో. బఠాణీ యాడ కాస్తాది ఈడ? నీకేమన్నా పిచ్చా?"

"కాస్తే కాస్తాది, లేదంటే లేదు. నేల ఇయ్యన్నా."

ఇచ్చాడు. ఆదివారాలు పెంకులు ఏరి, మట్టి తవ్వి, పేడ కలిపి, ఉగాది వెళ్ళాక గింజలు నాటింది. మొక్కలు వచ్చాయి, పూత కూడా వచ్చింది. ఎండలు ముదరగానే పూత రాలిపోయి, తీగలు గడ్డిలా ఎండిపోయాయి. వఠారంలో ఆడవాళ్ళు కొళాయి దగ్గర నవ్వుకున్నారు. రామక్క ఆ రాత్రి అన్నం తినలేదు.

మార్కెట్లో విత్తనాల అంగడికి వెళ్ళి అడిగితే, అది చలికి వచ్చే పంట అన్నారు. దసరా దాకా ఆగి మళ్ళీ నాటింది. ఈసారి ఎలుకలు గింజలన్నీ తవ్వుకు తినేశాయి.

"చాల్లే, వదిలేయ్," అన్నాడు పాపయ్య.

"నాకు పౌరుషం వచ్చేసిందిలే. ఇంగ వదలను."

కొబ్బరిచిప్పల్లో మట్టి నింపి, గింజలు పెట్టి, ఎలుకలకు అందకుండా ఇంట్లో ఎండ తగిలే కిటికీలో పెట్టింది. జానెడు మొక్కలయ్యాక తీసి నేలలో నాటింది. ఫ్యాక్టరీలో పారేసే గుడ్డపేలికలు అడిగి తెచ్చి, గోడ పొడవునా మేకులు కొట్టి వాటి మధ్య కట్టింది. లేత నులితీగలు వాటిని పట్టుకుని పైకి పాకాయి. ఆకుల మీద తెల్లటి బూజు కనబడితే పుల్లటి మజ్జిగ పలచన చేసి చల్లింది. షిఫ్టుకు పోయే ముందు రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోసేది.

డిసెంబరులో గోడంతా తెల్లటి పూలు. సంవత్సరం మారేసరికి కాయలు నిండుగా కాశాయి.

ఆదివారం పొద్దున నంజప్ప పళ్ళు తోముకుంటూ వచ్చి, వేపపుల్ల నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయాడు. "ఇదేందమ్మా! గోడ కనబడ్డంలేదే!"

రామక్క మొదటి కాయ తుంచి, అక్కడే ఒలిచి, పచ్చిగింజలు నోట్లో వేసుకుంది. తీపి. పరాయి చేలో కాయ కొరికితే మేస్త్రీ కేకలేసేవాడు. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. కళ్ళు తుడుచుకుని గట్టిగా అరిచింది.

"అందరూ రండి! గంపలు తెచ్చుకోండి!"

కొళాయి దగ్గర నవ్వినవాళ్ళే ముందు వచ్చారు. కోసేకొద్దీ ఆకుల మాటున ఇంకా కనబడుతూనే ఉన్నాయి. అరుగు మీద చుట్టూ కూచుని ఒలిచారు. ఒకరింట్లోని పెద్ద డేక్షాలో బఠాణీ అన్నం వండి, వఠారమంతా కలిసి తిన్నారు. నంజప్ప మూడోసారి వడ్డించుకుని అన్నాడు.

"రామక్కా, వచ్చే సారికి గింజలు నాకూ ఇయ్యి. మేడ మీద డబ్బాల్లో పెడతా."

"ఇస్తానన్నా. అయితే ఆ బట్టలుతికే బండ పక్కన నేల కూడా నాకే."

"తీసుకోమ్మా, తీసుకో!"

మరుసటి ఆదివారమే ఆ నేల తవ్వడం మొదలైంది. ఈసారి పార పట్టుకున్నది పాపయ్య.