శనివారం వద్దన్న పెట్టె

మా మేనత్త పోయింది. రెండు వారాల కిందట ఆదివారం పొద్దున ఆత్మకూరు నుంచి ఆమె మనవడు ఫోన్ చేసి, "తాతా, అవ్వ నిద్రలోనే పోయింది" అన్నాడు. తొంభై దాటిన మనిషి. ముందురోజు సాయంత్రం దాకా ఇంట్లో అందరిమీదా పెత్తనం చేసి, ఎవరిచేతా మంచం దగ్గర సేవ చేయించుకోకుండా వెళ్లిపోయింది. ఏడవాల్సిన చావు కాదు. అయినా ఫోన్ పెట్టేశాక నాకు చొక్కా గుండీలు సరిగ్గా పడలేదు.

వాళ్లింట్లో టీవీకి ఎదురుగా నాలుగు కుర్చీలుంటాయి. పక్కగోడకు ఆనించి ఇంకొకటి ఉంటుంది. అది ఆమెది. అందులో కూర్చుంటే తెర కనబడదు, చూసేవాళ్ల ముఖాలు కనబడతాయి. "సీరియల్లో ఏమైంది అవ్వా" అని మనవరాళ్లు ఆటపట్టిస్తే, "మీ అమ్మ ముక్కు చీదింది గాబట్టి ఎవరో మంచోళ్లకే వచ్చుంటాది కష్టం" అనేదట. కర్మకు వచ్చిన చుట్టాలు దీన్ని ముసలితనపు చాదస్తమని నవ్వుకున్నారు. కాదు. ఈ అలవాటుకు అరవై ఏళ్లు. అది ఎలా మొదలైందో చెప్పడానికి నేను కాక ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి రాస్తున్నాను.

ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్య బస్సు రోడ్డు దిగి లోపలికి పోతే అత్త మెట్టిన ఊరు. ఊరంటే ఒకచోట కుదురుగా ఉండేది కాదు. నడుమ కామందుల పెద్దవీధి, చుట్టూ విసిరేసినట్టు పల్లెలు, అన్నిటికీ కలిపి ఒక పంచాయతీ. మన రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. సర్కారు వాళ్లు పంచాయతీకొక రేడియో ఇచ్చారు. కరెంటు ఎక్కడిది, బ్యాటరీతో పలికే పెట్టె. పెట్టె కర్రదే గానీ, దొంగల భయానికి దాన్ని ఒక ఇనప బోనులో బిగించి పంపారు.

నేనప్పుడు ఆ రోడ్డు మీద తిరిగే బస్సులో కండక్టరుని. చదువు నాకు బడిలో అబ్బలేదు, శనగలు కట్టిచ్చిన కాగితాల్లో అబ్బింది. అందుకే ఈనాటికీ నాకు ఏ కథకూ మొదలు తెలియదు, చివర తెలియదు, మధ్యలో మాత్రం దిట్టను. శనివారం అత్త ఇంట్లో పడుకుని, ఆదివారం మొదటి బస్సులో రేడియో బ్యాటరీని ఆత్మకూరు తీసుకుపోయి ఛార్జి పెట్టించి తేవడం నా పని. ఒకసారి గుంతలో పడి బ్యాటరీలోని ఆసిడ్ చిందితే, పెళ్లిచూపులకు పోతున్న ఒకాయన పంచె మోకాళ్ల కింద జల్లెడైపోయింది. ఆ సంబంధం కుదిరిందట. పిల్ల తరఫువాళ్లు ఆయన్ని పొదుపరి అనుకున్నారు.

సంగతికి వస్తాను. పెట్టెను చూసుకునే బాధ్యత పంచాయతీ వాళ్లు మా మామకు అప్పగించారు. ఆయన నెమ్మదస్తుడు, పెద్దవీధిలో ఉండే పంచాయతీ ప్రెసిడెంటు పొలాన్నే కౌలుకు చేసుకునే మనిషి. బ్యాటరీ చూస్తే ఆయనకు వణుకు, తాకితే గుంజుతుందని. అత్త కొంగు బిగించి, తీగలు తగిలించడం, స్టేషను కోసం ముల్లు తిప్పడం రెండు రోజుల్లో నేర్చేసుకుంది. అప్పటికి పెట్టె మాకంటే మాకని పల్లెలన్నీ పంచాయతీ ఆఫీసు ముందు కొట్లాడుకుంటున్నాయి. ప్రెసిడెంటు విసిగిపోయి తీర్పు చెప్పాడు. "వారాలు పంచుకోండి. ఎవరి వారం వాళ్లది. ఇంక దీనికోసం నా దగ్గరికి రాబాకండి."

అందరూ మంచి వారం కోసం ఎగబడ్డారు. పెద్దవీధి వాళ్లు పురోహితుణ్ణి అడిగి గురువారం తీసుకున్నారు. సాయిబుల వీధికి శుక్రవారం, గొల్లపల్లెకు సోమవారం. మంగళ, బుధవారాలు కాస్త బేరం మీద తెగాయి. ఆదివారం బ్యాటరీ ఊళ్లో ఉండదు కాబట్టి దాని మాటే రాలేదు. శనివారం మాత్రం ఎవరూ ముట్టలేదు. శనివారం ఇనుము గడప తొక్కకూడదు. మా వైపు ఇది గట్టి పట్టింపు, ఆ రోజు మేకు కొనడానికి కూడా జంకే ఇళ్లు నాకు ఇప్పటికీ తెలుసు. చెరువు కింద పాలెం వాళ్లు చేపలు పట్టుకుని, కూలికి పోయి బతికేవాళ్లు. వెనకెక్కడో నిలబడ్డారు. "మీ గుడిసెలకు గడపలెక్కడివి, మీరు తీసుకోండి" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. పాలెం వాళ్లు నవ్వలేదు. శనివారం తీసుకున్నారు.

మేమెవ్వరమూ ఆలోచించని సంగతి ఒకటుంది. మద్రాసు స్టేషను వాళ్లకు కూడా వారాలున్నాయి.

సోమవారం పాటకచ్చేరి. గొల్లపల్లె పెద్దాయన ఒకడు రాగం ఆలాపన కాసేపు ఓపిగ్గా విని, "పాపం, తప్పిపోయిన గొర్రెను ఇంకా పిలస్తానే ఉండాడే" అన్నాడు. శుక్రవారం హరికథ. సాయిబులు మర్యాదగా వినేవాళ్లు. ఏడాది తిరిగేసరికి అత్తరు అమ్మే ముసలి సాయిబు లంకాదహనం గురించి మా పురోహితుడితో వాదానికి దిగేంతవాడయ్యాడు. ఏరికోరి గురువారం తీసుకున్న పెద్దవీధికి వ్యవసాయాధికారి ప్రసంగం దక్కింది. కాలువల కింద రైతుల కోసం చెప్పే మాటలవి. పొలంలో నిలిచిపోయిన నీళ్లు ఎలా తీసెయ్యాలో ఆయన వారం వారం చెబుతుంటే, వాన చుక్క కోసం ఆకాశం కేసి చూసే మా కామందులు తలలూపుతూ వినేవాళ్లు.

శనివారం నాటకం. అదీ ఒక్క రోజుతో అయిపోయేది కాదు, వారం వారం సాగే కథ. అన్నదమ్ముల ఇల్లు, మాట పట్టింపు వచ్చి పెద్దకోడలు ఇంటి తాళాలగుత్తి బొడ్లో దోపుకుని పుట్టింటికి పోవడం.

అత్త రోజూ సాయంత్రం పెట్టెను బండిలో పెట్టించుకుని ఆ వారం పల్లెకు పోయేది. పెట్టె జనం వైపు, ఆమె పెట్టె వెనక, జనానికి ఎదురుగా. ఎందుకలా అని అడిగితే, "చెప్పేవోడు మద్రాసులో ఉండాడు, వాణ్ని నేనేం జూసేది? వినేవోళ్లు ఈడుండారు" అనేది. ఎవరి ముఖంలో ఏ మాటకు ఏం కదిలిందో ఆదివారం నన్ను బస్సెక్కించేటప్పుడు చెప్పేది. రేడియోలో ఏం వచ్చిందో మాత్రం ఆమెకు సగం తెలిసేది కాదు. ఒక పల్లెలో విన్నది ఇంకో పల్లెలో చెప్పమంటే ఒప్పుకునేది కాదు. "అది వాళ్ల వారం" అనేది.

అయితే నోళ్లు ఆగుతాయా. ప్రెసిడెంటు ఇంట్లో గేదెల పాలు పితకడానికి పాలెం నుంచి ఒకామె వచ్చేది. ఆదివారం పొద్దున ఆమె పాలు పితుకుతూ నాటకమంతా అప్పచెప్పేది, అత్తలా, కోడలిలా, మరిదిలా గొంతులు మార్చి. వినేది ప్రెసిడెంటు తల్లి. ఊరందరికీ ఆమె అవ్వ. ఆమె మాట ఆ ఇంట్లో శాసనం. సరిగ్గా తాళాల సంగతి తేలబోయే చోట పాలచెంబు నిండేది, పాలు పితికే ఆమె లేచి వెళ్లిపోయేది. అవ్వ వారమంతా తాళాల గురించి గొణుక్కుంటూ గడిపేది. అది చూసే ప్రెసిడెంటుకు శనివారం మీద కన్నుపడింది. తల్లి కోసమని కొంత, పాలెం వాళ్లకు నాటకమేంటి మనకు నీళ్లు తీసెయ్యడమేంటి అని పెద్దవీధి వాళ్లు గుర్రుమనడం కొంత.

ఒక ఆదివారం సాయంత్రం ప్రెసిడెంటు మా అత్త వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. బ్యాటరీ తెచ్చి నేనక్కడే ఉన్నాను.

"ఈ శనివారం నించి పెట్టె మా ఇంటికి తేమ్మా. గురువారం వాళ్లకిచ్చెయ్."

"శనివారం ఇనుము గడప తొక్కగూడదంటిరే అన్నా. ఇప్పుడది కర్రయిపోయిందా?"

"శాంతి చేయిస్తాంలే."

"రోజు నాది గాదన్నా ఇచ్చేదానికి. పాలెం వాళ్లది. నువ్వే పోయి వాళ్లనడుగు. సరేనంటే నేను తెస్తా."

పాలెం పోయి అడగడమంటే ఆయనకు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆయన వెనుదిరిగాడు. వెళ్తూ వెళ్తూ దొడ్లో ఉన్న మామతో, ఈ ఏడు కౌలు సంగతి మళ్లీ ఆలోచించాల్సి వస్తుందేమో అన్నాడు.

ఆ పొలం తప్ప వాళ్లకు ఇంకో ఆధారం లేదు. పాలెం వాళ్లకు కూడా ఈ సంగతి తెలిసి, ఒక ముసలాయన వచ్చి, పోనీలేమ్మా, మా వల్ల మీ పొయ్యి ఆరిపోవద్దు, గురువారమే మాకియ్యి అన్నాడట. అత్త ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపింది.

శనివారం పొద్దు వాలాక పెట్టె వాకిట్లో పెట్టి మామ ఎదురుగా నిలబడింది. ఆమె గొంతు అంత మెత్తగా ఉండటం నేను ఇంకెప్పుడూ వినలేదు.

"కౌలు నీ పేరుమీద ఉండాది. కష్టం నీది. పెట్టె లోపల పెట్టమంటే పెట్టేస్తా. దీని గురించి జన్మలో నిన్ను ఒక్క మాట అనను."

మామ దొడ్డివైపు చూశాడు. లేచాడు. పోయి ఎద్దుల్ని బండికి కట్టాడు.

పాలేనికి దారి పెద్దవీధి మీదుగానే. ప్రెసిడెంటు అరుగు మీద నిలబడి ఉన్నాడు. ఆయన మనిషి ఒకడు అడ్డంగా వచ్చి ఎద్దు పగ్గం పట్టుకున్నాడు. మామ బండి దిగలేదు. వీధిలో ఇళ్ల ముందు జనం. అప్పుడు లోపలినుంచి అవ్వ వచ్చింది, చేతికర్రతో ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు పొడుస్తూ.

"ఏందిరా ఇది?" అంది కొడుకుతో.

"నీ కోసమే అమ్మా. ఇంట్లో కూర్చోని ఇందువని."

"నా కోసమా? నేను వినాలని, వాళ్లకిచ్చిన రోజు గుంజుకుంటావా? ఎవరి వారం వాళ్లదని చెప్పింది నువ్వు గాదా?" పగ్గం పట్టుకున్నవాడి వైపు తిరిగి, "వదల్రా" అంది. తర్వాత అత్తతో, "ఏమే పిల్లా, జరుగు. నేనూ వస్తా" అంది.

ప్రెసిడెంటే దగ్గరుండి తల్లిని బండెక్కించాల్సి వచ్చింది.

కౌలు పోలేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, లేకపోతే చదివేవాళ్లకు మనసు దానిమీదే ఉంటుంది. శనివారం కూడా, ఆ రేడియో పాడయ్యేదాకా, పాలెం వాళ్లదే. పెద్దవీధిలో నాటకం కావలసినవాళ్లు నడిచి పోయి విన్నారు. మొదట్లో దూరంగా నిలబడి విన్నారు. నిలబడితే కాళ్లు నొస్తాయి కదా, తర్వాత కూర్చున్నారు.

ఆ మొదటి సాయంత్రం అవ్వ బండిలోనే కూర్చుని వింటానంది. పాలెం వాళ్లు కూడా బిగుసుకుపోయి కూర్చున్నారు. నాటకం మొదలైంది. మరిది తాళాల కోసం పోయి పెద్దకోడల్ని ఏదో మాట అనేసరికి అవ్వ, "నోరు పడిపోను" అంది పైకే. పాలెం ఆడవాళ్లు నవ్వేశారు. పాలు పితికే ఆమె లేచి వచ్చి, ఇక్కడికైతే బాగా వినబడుతుందని చాప చూపించింది. అవ్వ దిగింది. పెట్టె వెనకనుంచి అత్త అంతా చూస్తూనే ఉంది, ముల్లు మీద చెయ్యి తీయకుండా.

నాటకం అయిపోయాక పెట్టెను బండిలోకి ఎక్కించాం. అవ్వను ఎక్కమంటే వినిపించుకోలేదు. పాలు పితికే ఆమె భుజం పట్టుకుని అప్పటికే దారిన పడింది. పెద్దకోడలిది తప్పని ఒకరు, కాదు మరిదిదేనని ఒకరు, ఇద్దరి గొంతులూ చెరువుగట్టు పొడుగునా ఖంగుమంటున్నాయి. దారి మధ్యన నడుస్తున్నారు వాళ్లు. వెనక మా బండి. మామ ఎద్దుల్ని అదిలించబోతే అత్త ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"నిదానంగా పోనీ" అంది. "తెమలనీ వాళ్లది."

ఎద్దులు అడుగులో అడుగేస్తూ ఆ ఇద్దరి వెనకాలే నడిచాయి.