పెత్తరమాస నాడు నేను పట్టించిన గ్రహణం

గ్రహణం పట్టకుండానే ఒక ఇంటిల్లిపాదినీ పస్తు పెట్టిన ఘనుణ్ణి నేను. నవ్వుదురుగాని, ముందు వినండి.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు సంగతి. కొత్తగా పెళ్ళయిన నేను, భార్యను బతుకమ్మకు దింపడానికి సూర్యాపేట నుంచి మిర్యాలగూడలోని అత్తగారింటికి వెళ్ళాను. కొత్తల్లుణ్ణి కదా, మర్యాదలన్నీ నాకేననుకున్నాను. తీరా చూస్తే మా సడ్డకుడు, అంటే నా భార్య అక్క మొగుడు, కోదాడ నుంచి ముందే దిగి ఉన్నాడు. బడిపంతులు. ఆయన మాట్లాడితే మామ నోరు తెరుచుకుని వింటాడు. అత్తమ్మ నెయ్యి ముందు ఆయనకే వేస్తుంది. నాకు కడుపు మండిపోయింది. నెయ్యి పడనందుకు కాదు, ముందు పడనందుకు.

పెద్దల అమావాస్యను మేం పెత్తరమాస అంటాం. దాని ముందు రోజు ఆయన అరుగు మీద కూర్చుని, "అమావాస్యకి చంద్రుడు మనకీ సూర్యుడికీ మధ్యలోకొస్తాడు మామయ్యా. అలా అడ్డమొస్తేనే సూర్యగ్రహణం" అంటున్నాడు. నేను సగం విని, మిగతా సగం అసూయతో నింపుకున్నాను.

తెల్లారి, పెద్దలకు పెట్టడానికి అత్తమ్మ యాటమాంసం కూర దించిందో లేదో, సడ్డకుడు దోస్తును చూడటానికి వెళ్ళిన సందు చూసి గొంతు సవరించుకున్నాను.

"మామా, ఇయాల అమాస. పగటాల్ల సూర్యునికి గ్రహణం పడుతది."

"పంచాంగంల లేదు గద అల్లుడా?"

"పంచాంగం రాసెటోల్లకు నా అంత లెక్క తెలుస్తదా?"

కొత్తల్లుడి మాట కాదనలేకపోయారు. గ్రహణానికి ముందు వండింది తినకూడదు, అది విడిచేదాకా మళ్ళీ వండకూడదు. అత్తమ్మ కళ్ళు తుడుచుకుంటూ కూరంతా కుక్కలకు పోసింది. గ్రహణం పడితే తాంబాళంలో రోకలి దానంతటదే నిలుస్తుందని మా నమ్మకం. నీళ్ళు పోసి నిలబెట్టాను. అది ఒరిగి మామ కాలి మీద పడింది.

"యాడున్నదయ్యా నీ గ్రహణం?" అన్నాడు మామ కాలు పట్టుకుని.

"సూర్యాపేటల పట్టినట్టుంది మామా. ఇగ గీడికి రావాలె."

మూడింటికి సడ్డకుడు తిరిగొచ్చాడు. దోస్తు ఇంట్లో భోంచేసి మరీ! సంగతి విని నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పెద్ద జల్లెడలో చిన్న జల్లెడ ఏటవాలుగా పెట్టాడు.

"తమ్ముడూ, పెద్దది సూర్యుడి దారి, చిన్నది చంద్రుడిది. చంద్రుడి దారి కాస్త వాలు. ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి. రెండంచులూ సమానంగా ఉండేది రెండు చోట్లే. అమావాస్యకి చంద్రుడు ఆ చోటు దగ్గరుంటేనే గ్రహణం. లేకపోతే సూర్యుడి పైనుంచో కిందనుంచో తప్పుకుని పోతాడు."

"గా వాలు ఎట్లొచ్చింది కొడుకా?" అంది అత్తమ్మ.

"అది నాకూ తెలియదత్తయ్యా."

ఆ మాటతో నా ఆకలి సగం తీరింది. నాకు తెలుసు అనబోయాను. మామ రోకలి వైపు చూశాడు.

జవాబు నిజంగా తెలిసింది తొంభై దాటాక, మునిమనవరాలి నోట. చంద్రుడు పుట్టిన కొత్తలో, పక్కనుంచి పోయిన పెద్ద పెద్ద రాతిగోళాలు లాగి లాగి ఆ దారిని వంచి ఉంటాయట. పక్కవాడి వల్ల వంకరపోయింది నేనొక్కణ్ణే కాదన్నమాట!

ఆ పొద్దు గూకేవేళకు విస్తళ్ళు వేశారు. అత్తమ్మ సడ్డకుణ్ణి దాటుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది. నా గుండె పొంగింది. ఉత్త అన్నంలో ఇంత పచ్చిపులుసు పోసి, "ముందుగాల నువ్వే తిను అల్లుడా. కూర పారబోపిచ్చింది నువ్వే గద!" అంది.

అప్పుడే విస్తరి ముట్టుకుని ఒట్టేశాను: కూర కడుపులో పడేదాకా ఆకాశం జోలికి పోను.