పేడనీళ్ళోళ్ళ గున్నమ్మ

కొయ్యూరు కొండల్లో గున్నమ్మ ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు. పేడనీళ్ళోళ్ళు అంటే మాత్రం చంటిపిల్ల కూడా ఇల్లు చూపిస్తుంది. కుండకు మూకుడు పెట్టగలం గానీ లోకం నోటికి పెట్టగలమా?

ఇటుకల పండక్కి అక్కడి మగాళ్ళు వేటకెళ్తారు. వేట తెచ్చినవాడికి ఆడవాళ్ళు ఎదురెళ్ళి కాళ్ళు కడుగుతారు. ఒట్టి చేతులతో వచ్చినవాడి మీద పేడనీళ్ళు పోస్తారు. మన్యం తిరుగుబాటును అణచడానికి తెల్లవాళ్ళ పటాలం దిగినప్పుడు గున్నమ్మ తాత సింగన్న విల్లు పట్టి వెళ్ళాడు. ఓడిపోయాక ఒంటరిగా తిరిగొచ్చాడు. ఊరు వేటకీ యుద్ధానికీ తేడా చూడలేదు. మొదటి చెంబు పోసింది గున్నమ్మ పొరుగింటి సీతాలుకి నాయనమ్మ. గుండు తగిలిన జతగాణ్ణి భుజాన మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయిందని, అడవిలోనే పాతిపెట్టి వచ్చానని ఆయన ఎంత చెప్పినా నమ్మినవాళ్ళు లేరు.

గున్నమ్మ నమ్మింది. నర్సీపట్నం సంతకు అడ్డాకులు మోసుకెళ్ళి ఏళ్ళ తరబడి ఆ కథే చెప్పింది. విన్నవాళ్ళు ఆకుల ధర తగ్గించమన్నారు. చివరికి 1998లో ఉమామహేశ్వరరావు అనే నాటకాల మేష్టారు విని, కొండవాళ్ళతోనే ఆట కట్టారు. సింగన్న వేషం గున్నమ్మ కొడుకు గంగులుకి. పేడనీళ్ళు పోసే వేషం, ఇంకెవరికి, సీతాలుకే.

"దాని సేతికే సెంబిచ్చారేటి బాబూ? నా కొడుకు మీద కూడా పోస్తే ఆ పేరు మాకింక పోదు" అంది గున్నమ్మ.

"నాటకమేనమ్మా" అన్నారు మేష్టారు. నాటకమేనట. పోసేది ఆయన నెత్తిన కాదుగా.

కృష్ణదేవిపేటలో సాయంత్రం ఆట. గంగులు జతగాణ్ణి మోశాడు, పాతిపెట్టాడు, ఒంటరిగా ఊరి పొలిమేరకొచ్చి తల వంచుకున్నాడు. సీతాలు చెంబెత్తింది. జనంలో కూర్చున్న గున్నమ్మ కళ్ళు మూసుకుంది.

"పొయ్యమ్మా, బేగి పొయ్యి" అని తెర వెనక నుంచి మేష్టారు గొణిగారు.

"ఒట్టి సేతుల్తో రాలేదు బాబూ. మనిసిని మోసినాడు. ఇంతమందిమి సూసినాం కదా" అంది సీతాలు. చెంబు పక్కన పెట్టి, తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్ళతో గంగులు కాళ్ళు కడిగింది.

గున్నమ్మ ఏడ్చింది. అది గర్వం. మేష్టారి ఆట పాడైంది గానీ, అంతకంటే మంచి ఆట ఆయన జన్మలో కట్టలేదు.

తర్వాతి సంతలో ఆకుల షావుకారు ఎప్పటిలాగే కేకేశాడు: "పేడనీళ్ళ గున్నమ్మా, ఇలా రా."

ఆమె మోపు దించలేదు.

"సింగన్న మనవరాల్ని బాబూ. అలా పిలిస్తే వస్తాను."