కింది రెక్కల రంగు

మా చిన్నత్త బెంగళూరు బళేపేటలో గాజుల దుకాణంలో పనిచేసేది. మామయ్య పోయాక ఆమె చేతులు బోసిపోయాయి. ఎండాకాలంలోనూ ఒంటిమీద బూడిదరంగు స్వెట్టర్ ఉండేది.

ఒకసారి గోడమీద అదే రంగు రెక్కల పురుగును నేను చీపురుతో తోలబోతే ఆపి, వేలితో మెల్లగా తాకింది. పైరెక్కలు విడిపోయి, కింద నారింజరంగు రెక్కలు మెరిశాయి.

"చూడమ్మీ, లోపల ఎంత రంగుండాదో!" అంది మురిసిపోతూ.

నిరుడు అత్త చనిపోయింది. స్నానం చేయించడానికి స్వెట్టర్ తీస్తే, మోచేతి దాకా నెట్టుకున్న రెండు ఎర్రగాజులు బయటపడ్డాయి.

"మొగుడు పోయినదానికి గాజులేందప్పా! పగలగొట్టండి" అని పెద్దత్త మండిపడింది.

నేను ఏడుస్తూ ఆ చేతిని కొంగుతో కప్పి, ఎవరినీ ముట్టనివ్వలేదు. గాజులతోనే సాగనంపాం.

రోజంతా పరాయి చేతులకు గాజులు తొడిగిన మనిషి, తన చేతికి మాత్రం దొంగచాటుగా తొడుక్కుంది.