ఆఖరి బండి మా బావది

మా బావ పోయాడన్న కబురు నాకు గోదాము దగ్గరే తెలిసింది. కిళ్లీ బడ్డీలో కాయిన్ బాక్స్ ఫోను మోగింది. అనకాపల్లి ఆసుపత్రి నుంచి బావ కొడుకు. "నాన్న లేడు మావయ్యా" అన్నాడు, అంతే. తూకం ఆపేసి అందరం పరుగెత్తాం.

బావ అంటే మా ఆవిడకు అన్న. మా ధాన్యం రైతుల సంఘానికి మొదటి రోజు నుంచీ ప్రెసిడెంటు. ఇదంతా సంతోషంగానే రాస్తున్నాను. చావు గురించి రాస్తూ ఈ ముసలాడికి సంతోషమేమిటని మీకు అనిపించవచ్చు. చివరిదాకా చదవండి, మీరే ఒప్పుకుంటారు.

మా బెల్లానికి అనకాపల్లిలో అంత పెద్ద మార్కెట్టు ఉంది గానీ, ధాన్యానికి మాత్రం కళ్లంలోకి వచ్చిన షావుకారు చెప్పిందే ధర. అందరి పంటా ఒకచోట చేర్చి అమ్ముదామని బావ ఇల్లిల్లూ తిరిగాడు. నేనే వేళాకోళం చేశాను.

"ఏటి బావా, షావుకారైపోదావనే?"

"అవును. ఒక్కడినే అయితే ఏటి బాగుంటాది? అందరం ఒకేపాలి అయిపోదాం, రా!"

పాత బెల్లం పాక ఒకటి అద్దెకు తీసుకుని మొదలుపెట్టాం. తడి ధాన్యం లోపలికి రానిచ్చేవాడు కాదు. ఏ రకానికి ఆ రకం విడిగా పేర్పించేవాడు. అవసరమున్న రైతుకు కొంత డబ్బు ముందే ఇచ్చి, ధర లేచేదాకా సరుకు కదలనిచ్చేవాడు కాదు. తూకమైన ప్రతి బస్తానూ ఎద్దు వీపు తట్టినట్టు అరచేత్తో ఒకసారి తట్టేవాడు. "గోనె మూతి కుట్టేక మాట మార్సకూడదు" అనేవాడు.

ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి మాకెవరికీ నచ్చేది కాదు. ప్రెసిడెంటు బండి ఎప్పుడూ ఆఖరునే తూచాలి. ఒక ఏడు పాక నిండిపోయింది. ఆయన బస్తాలు ఆరుబయట మిగిలాయి. అకాల వాన కొట్టి గింజ మొలకెత్తింది. మా అక్క, అంటే బావ భార్య, అందరి ముందూ కడిగేసింది.

"ఊరందరి దాన్యానికీ గొడుగు పట్టేవు. మన బస్తాలకి ఆకాసమేనేటి?"

బావ నవ్వాడు. "వడ్డించినోడు ఆకర్న తినాలే. కూరైపోతే పచ్చడేసుకుంటాడు."

షావుకారు వైపు మొగ్గుతున్న పెద్ద రైతులు అక్కడే నిలబడి ఆ మొలకలు చూశారు. ఆ మరుసటి కోతలకు వాళ్ల బళ్లు నేరుగా మా పాకకే వచ్చాయి! తర్వాత సొంత గోదాము కట్టుకున్నాం, మిల్లు పెట్టుకున్నాం. కొండకర్ల వైపు రైతులు కూడా చేరారు. కళ్లంలో బేరమాడిన షావుకార్లే మా గుమ్మం ముందు చెప్పులు విడిచి ధర అడుగుతుంటే, నా సామిరంగా, ఆ ఆనందం ఎలా చెప్పను!

నా కూతురు బీకాం పాసైంది. ఉద్యోగానికి పరవాడ కంపెనీ బస్సెక్కుతుందని నేను కలలు కంటుంటే, బావ వచ్చి, "పిల్లని సంఘానికియ్యి బావా" అన్నాడు. నేను గొణిగాను. అది మాత్రం, "మావయ్య దగ్గరే నేర్సుకుంటాను" అంది. నేర్చుకుంది. నేడు సంఘానికి సెక్రటరీ. అయినా బావ పోయాక నాకు ఒకటే గుబులు. ఆయన మాట మీద నిలబడ్డ సంఘం, ఈ పిల్ల మాట మీద నిలబడుతుందా?

కర్మ అయ్యాక మళ్లీ కాటా కట్టాం. ఆ రోజు మబ్బు పట్టింది. బావ కొడుకు తండ్రి పంట బండికెత్తి తెచ్చి బారు చివర ఆపాడు. పెద్ద రైతు ఒకాయన కళ్లు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"అమ్మాయ్, ఈ ఒక్కపాలికీ మీ మావయ్య బండి ముందు తూసీయమ్మా. మేవందరం తప్పుకుంటాం."

ఎంత ప్రేమగా అడిగాడో! కాదనడం ఎలా? నా కూతురు కాటా దగ్గర నుంచి కదలలేదు.

"మావయ్య బండి ముందుకొత్తే మావయ్యే ఊరుకోడు తాతా. ఆకర్నే."

ఆ పెద్దాయనే బారు వైపు తిరిగి, "పిల్ల సెప్పింది నిజవేరా, పట్టండి బస్తాలు!" అన్నాడు. బళ్లు ఒక్కొక్కటే కదిలాయి. ఎప్పుడూ తమ తూకం కాగానే ఇంటికి పోయే రైతులు ఆ రోజు ఒక్కరు కూడా కదల్లేదు. చినుకులు మొదలైనా తువ్వాళ్లు నెత్తిన వేసుకుని నిలబడ్డారు. బావ బండి వంతు రాగానే మబ్బు చూసి అన్ని చేతులూ ఒక్కసారే పడ్డాయి. బస్తా తడవకుండా మోసింది కూలీలు కాదు, రైతులే. ఆఖరి బస్తాను నా కూతురు అరచేత్తో తట్టి, తలుపు వేసింది. నేను వానలో నిలబడి పిచ్చివాడిలా నవ్వాను, ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే గోదాము తీశాం. అందరికన్నా చివర లోపలికెళ్లిన బస్తాలు కదా, తలుపు పక్కనే ఉన్నాయి. ఎండ పొడ అందరికన్నా ముందు వాటి మీదే పడింది.