నంబర్ టూ ఇంకా దిగలేదు

తుంటి ఎముక ఆపరేషన్ బాగా జరిగిందని అందరం ఊపిరి పీల్చుకున్న రోజు సాయంత్రమే మా బాపు నన్ను గుర్తుపట్టలేదు. వికారాబాద్‌లో ఇంటి మెట్ల మీద జారిపడితే, నేనుండే తాండూరుకు తెచ్చి ఆసుపత్రిలో చేర్పించాను. సెలైన్ సూది పీకేసుకుంటూ, "నంబర్ టూ దిగిండా? నా పక్కపొంటి వచ్చిన విమానం ఏది?" అని అరిచాడు.

బాపు ఫైటర్ పైలట్. దోమ అనే ఊరి దగ్గర గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టి ఆకాశం దాకా పోయినవాడు. డెబ్బైఒకటి యుద్ధం సంగతి ఎప్పుడడిగినా "గిప్పుడెందుకు బిడ్డా" అని దాటవేసేవాడు.

డాక్టర్ గారు సోడియం, యూరిన్ టెస్టులు చేయించి, "గిది డెలీరియం, అంటే కొన్నాళ్లు మతి తడబడుడు. పెద్ద వయసుల ఆపరేషన్ అయితే కొందరికి వస్తది. తగ్గుతది, ఫికర్ చెయ్యకుండ్రి. ఆయనతోని వాదన మాత్రం పెట్టుకోవద్దు" అన్నారు.

మర్నాడు పొద్దుగూకేసరికి మళ్లీ అదే పాట. నా అతితెలివి కొద్దీ, "దిగిండు బాపూ, పండుకో" అన్నాను.

"ఏడీ? పిలువు, చాయ్ తాగుతం" అంటూ మంచం దిగబోయాడు. నర్సూ నేనూ కలిసి ఆపేసరికి తలప్రాణం తోకకొచ్చింది. కుట్ల సంగతి అటుంచి, మా బాపు ఇక నా దగ్గరికి తిరిగి రాడేమోనని బయటికి పోయి ఏడ్చాను.

మూడో సాయంత్రం మా తాత, బాపు వాళ్ల నాయిన, గుర్తొచ్చాడు. మందలో ఒక్క గొర్రె తప్పినా ఆయన నడుము వాల్చేవాడు కాదు. ఇంకొకరొచ్చి కావలి అందుకుంటేనే పడుకునేవాడు. బాపు చెయ్యి పట్టుకున్నాను.

"ఇంకా రాలే బాపూ. నువ్వు జర పండుకో. నేను చూస్తుంట."

"నడుమల లేచి పోవు గదా?"

"పోను."

కళ్లు మూసుకున్నాడు.

వారం తిరిగేసరికి మనిషి తేటపడ్డాడు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటూ, వాకర్‌తో వాకిట్లో తిరుగుతూ "మీ తాండూరు దుమ్ముకు నా ఇంజన్ ఖరాబైతది" అని సతాయిస్తాడు. ఒకరోజు తనంతట తనే చెప్పాడు: "డెబ్బైఒకటిల, ఎవరు పోతరని అడిగిండ్రు. నేను చెయ్యెత్తిన. నన్ను చూసి నా నంబర్ టూ గూడ ఎత్తిండు. నేను దిగిన, వాడు దిగలే." బాపు ఏడవడం నేను చూసింది ఆ రోజే.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇలా అయితే వెంటనే డాక్టరుకు చెప్పండి. కళ్లద్దాలు, చెవి మిషన్ తీసి దాచకండి, అవి లేకపోతే తికమక ఇంకా పెరుగుతుంది. అన్నిటికంటే, అబద్ధం చెప్పి పడుకోబెట్టకండి, వాళ్ల కావలి మీరు అందుకోండి.

బాపు ఇప్పటికీ పడుకునే ముందు "ఇయ్యాల డ్యూటీ ఎవరిది?" అంటాడు.

"నాదే బాపూ" అంటాను. ఆ మాట విన్నాకే లైటు ఆర్పమంటాడు.